నేను పుట్టిన బేస్తవారం

నా చిన్నప్పుడు శుక్రవారం వచ్చిందంటే మా సందులో ఆడపిల్లలందరికీ తలంటు. పొద్దున్నే ఇంటింటా నీళ్ళు కాగుతుండేవి, కుంకుడుకాయలు చితక్కొట్టే చప్పుడు వినపడేది. బడి వేళకి అందరూ తడి జుట్టు చివర ముడేసుకుని, పువ్వులు పెట్టుకుని వచ్చేవాళ్ళు. నేనొక్కదాన్నే నిన్నటి జడతో వెళ్ళేదాన్ని. పుట్టిన వారం నాడు తలకు నూనె పెట్టకూడదని, తలంటకూడదని మా నాయనమ్మ పట్టింపు. నేను పుట్టింది శుక్రవారం కాబట్టి నా తలంటు శనివారం, మగపిల్లలతో పాటు.

అప్పట్లో మేము యూసుఫ్‌గూడలో ఉండేవాళ్ళం. మా నాన్న సినిమాల్లో లైట్‌మన్. పెళ్ళయిన కొత్తలోనే అమ్మని తీసుకుని తెనాలి నుంచి వచ్చేశాడు. అమ్మ నన్ను కని పోయింది. కబురందాక నాయనమ్మ బయల్దేరి వచ్చి, ఇక తిరిగి వెళ్ళలేదు. వండి పెట్టింది, జ్వరాలకి మేలుకుంది, ఆవిడని ఒక్క మాట అనడానికి లేదు. కానీ శుక్రవారం అమ్మ ఫొటో ముందు దీపం వెలిగించాక ఆ పూటంతా నాతో మాట్లాడేది కాదు. కోపమని అనుకునేదాన్ని. నా వైపు చూడలేకపోయేదేమోనని ఇప్పుడనిపిస్తుంది.

ఇంటికొచ్చే చుట్టాలకి మాత్రం అలాంటి మొహమాటాలేవీ ఉండేవి కావు. “పుట్టినరోజే తల్లిని మింగింది” అని నా ముందే అనేసి, ఆ చేత్తోనే నాకు బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చేవాళ్ళు. నేను తీసుకుని తినేదాన్ని. ఏడుపు వచ్చేది కాదు, కోపం వచ్చేది కాదు. చలికాలం చన్నీళ్ళలో గిన్నెలు తోమాక వేళ్ళు ఎలా ఉంటాయో నేను లోపల అలా ఉండేదాన్ని. మా ఇంట్లో నా పుట్టినరోజు చేసేవాళ్ళు కాదు, నేను చేయమనీ అడగలేదు. ఆ రోజు అమ్మది, నాది కాదని నాకెవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేకపోయింది.

మా పక్క వాటాలో ఒక అక్క ఉండేది. నాన్న అక్కా అని పిలిచేవాడు, అదే పిలుపు నాకూ వచ్చింది. ఇక్కడి మనిషే. సినిమా వాళ్ళకి జడలు వేసే పని. సవరాలు, పిన్నులు, రకరకాల దువ్వెనలు ఉన్న రేకు పెట్టె ఎప్పుడూ చంకలో ఉండేది. మా అమ్మకి నొప్పులు వచ్చిన రాత్రి నాన్న షూటింగ్‌లో ఉంటే ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆవిడే. ఆ సంగతి నాకు తెలుసు గానీ, దాని గురించి ఎప్పుడూ అడగలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలిసేది కాదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఒక శుక్రవారం, జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్. హీరోగారి కూతురి పుట్టినరోజు సీను. పిల్లలు తక్కువయ్యారని నాన్న నన్ను బడి మాన్పించి తీసుకెళ్ళాడు. హాలు నిండా బెలూన్లు కట్టారు. మధ్యలో పెద్ద కేకు, అందులో కోసే ముక్క తప్ప మిగతాదంతా చెక్క మీద పూసిన క్రీమట. మేమంతా చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టాలి. ఇంట్లో లేని పుట్టినరోజు వేడుక సినిమాలోనైనా దొరికిందని నేను పొంగిపోలేదు. ఎప్పుడు అన్నం పెడతారా అని చూస్తున్నాను.

వెనక వరండాలో అక్క పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి జడలు వేస్తోంది. నా వంతు వచ్చింది. అరచేతిలో నూనె పోసుకుని నా తల దగ్గరికి తీసుకొచ్చేసరికి నేను పక్కకి జరిగాను.

“వద్దక్కా. ఇవాళ నేను పుట్టిన వారం. నూనె పెట్టకూడదంట.”

“ఎవలు చెప్పిన్రు నీకు, శుక్రారం పుట్టినవని?”

“నాయనమ్మ.”

అక్క నూనె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మామూలుగా, పిన్ను అందుకోమని చెప్పినంత మామూలుగా అంది.

“మీ నాయనమ్మ గాడ ఉన్నదా? నేనున్న. నువ్వు బేస్తారం పుట్టినవ్ బిడ్డా.”

బేస్తారం అంటే ఏ వారమో నాకు తెలియదు. బళ్ళో గురువారం అంటారు, నాయనమ్మ లక్ష్మివారం అంటుంది. అక్క వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టి చూపించాక గానీ మూడూ ఒకటేనని అర్థం కాలేదు. ఒకే రోజుకి ఇన్ని పేర్లున్నాయి, నాకేమో ఒక్క రోజు కూడా లేకుండా పోయింది అనుకున్నాను.

మరి అమ్మ పోయింది శుక్రవారమే కదా అన్నాను. అక్క రెండో చేత్తో నా జుట్టు పాయలు విడదీస్తూ, “మీ నాయన నైట్ కాల్షీటుకు పోయి తెల్లారినంక ఇంటికొస్తడు గదా. గా పని ఏ రోజు లెక్కల రాస్తరు?” అని అడిగింది.

లైట్‌మన్ కూతుర్ని, నాకు తెలియకపోవడమేమిటి. ముందు రోజు లెక్కలోనే అన్నాను.

“గంతే మరి. పొద్దు పొడిచేదాంక ముందటి రోజే. నువ్వు నడిరాత్రి దాటినంక చీకట్లనే పుట్టినవ్, అంటే బేస్తారం. మీ అమ్మ తెల్లారినంక పోయింది, శుక్రారం. నీ రోజు నీదే, మీ అమ్మ రోజు మీ అమ్మదే.” పాయలు విడదీస్తూనే, “నిన్ను సూసుకున్నంకనే పోయింది,” అంది.

ఆ మాట అని నా తలకి నూనె రాసింది. చల్లగా తగిలింది. శుక్రవారం నా తల మీద నూనె పడటం అదే మొదటిసారి. ఏమైనా అవుతుందేమోనని చూశాను, ఏమీ కాలేదు. లోపలికి పిలిచారు. వెళ్ళి కేకు చుట్టూ నిలబడి చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టాను. మళ్ళీ మళ్ళీ తీశారు. ఎన్నోసారికో తెలియదు గానీ, నాన్న పట్టుకున్న లైటు నా మొహం మీద పడుతుంటే, గురువారం, గురువారం అని లోపల అనుకుంటున్నాను.

ఇంటికొచ్చి నాయనమ్మతో చెప్పాను. ఆవిడ చేటలో కందిపప్పు ఏరుతోంది. “తెల్లవారకముందే పుట్టావందా? మీ నాన్న శుక్రవారం అన్నాడే,” అని పప్పులోంచి ఒక రాయి ఏరి పారేసింది. ఆ తర్వాత, “అయితే లక్ష్మివారమే అవుతుంది,” అంది.

మళ్ళీ శుక్రవారం నాకు తలంటింది. కుంకుడు పులుసు కళ్ళలో పడి మండింది. ఏడుస్తున్నావా అని అడిగింది. లేదన్నాను, నిజంగానే లేదు. ఆవిడే ముక్కు చీదుకుంది. అమ్మ ఫొటోకి దీపం పెట్టాక కూడా ఆ రోజు నాతో మాట్లాడింది, పులుసులోకి ములక్కాడలు తెమ్మని. చుట్టాలు మళ్ళీ పాత మాట ఎత్తితే, “పిల్ల పుట్టింది లక్ష్మివారం, మా కోడలు పోయింది శుక్రవారం. తెలియకపోతే ఊరుకోండి,” అని మొహం మీదే చెప్పింది. బిస్కెట్లు తగ్గాయి గానీ నాకు దిగులేమీ వేయలేదు.

ఏళ్ళు గడిచాయి. నాయనమ్మ పోయింది. అక్క రహమత్ నగర్‌లో కొడుకు దగ్గరికి మారి, అక్కడే కాలం చేసింది. నాన్న పెద్దవాడై పని మానేశాక ఒక మధ్యాహ్నం ఇద్దరం టీవీ ముందు కూర్చున్నాం. అందులో బండల మధ్య ఏదో షూటింగ్ చూపిస్తున్నారు. నేను బత్తాయి ఒలుస్తున్నాను. నాన్న ఉన్నట్టుండి, “ఆ రోజు కూడా ఇలాగే బండల మధ్య నైట్ షూటింగమ్మా. ఎవరో వచ్చి చెబితే లైటు దించేసి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికే మీ అమ్మ లేదు. బయటింకా చీకటిగానే ఉంది,” అన్నాడు. అని బత్తాయి తొన కోసం చెయ్యి చాపాడు.

ఇచ్చాను. ఇంకా చీకటిగానే ఉందంటే అమ్మ పోయింది కూడా గురువారం లెక్కలోకే వస్తుంది. అర్ధరాత్రి నుంచి లెక్కేసినా, తెల్లవారినప్పటి నుంచి లెక్కేసినా ఇద్దరిదీ ఒకే రోజు. అక్కకి అది తెలుసు, అక్కడే ఉంది కాబట్టి. తెలిసే అమ్మకీ నాకూ మధ్య ఒక తెల్లవారడాన్ని తెచ్చి పెట్టింది. ఆవిడ మీద కోపం వస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు. దుఃఖం కూడా రాలేదు. నన్ను చూసుకున్నాకే పోయిందన్నదీ అలాంటిదేనా అని మాత్రం ఒకసారి అనుకుని, అక్కడితో ఆపేశాను. మిగిలిన తొనలు నాన్నకి పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చాను.

అయినా నా రోజు గురువారమే. ఇప్పటికీ ఆ రోజు తలకి నూనె రాయను, దువ్వెనకి మించి దేన్నీ తగలనివ్వను. మొన్న జూబ్లీహిల్స్‌లో మా మనవరాలు తీసుకెళ్ళిన పార్లర్‌లో, నా జుట్టు కత్తిరించడానికి గురువారం రమ్మంది అక్కడి అమ్మాయి. ఆ రోజు ఖాళీగా ఉంటుందట.

“గురువారం వద్దమ్మా. నేను పుట్టిన వారం.”

“మాకు డేట్ అయితే తెలుసు గానీ, ఏ వారమో ఎవరికి గుర్తుంటుంది ఆంటీ? మీకెవరు చెప్పారు?” అంది నవ్వుతూ.

“నేను పుట్టినప్పుడు అక్కడ ఉన్నావిడే,” అన్నాను.