రెప్పలకు రాసిన మందు

మా అక్క గురించి రాస్తున్నాను. అక్క అంటే తోడబుట్టినది కాదు, తోడికోడలు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని లోకం అంటుంది. మేమిద్దరం పదడుగుల కొట్టులో ఇరవై రెండేళ్ళు ఇమిడాము. రోజూ పోట్లాడుకున్నాము, అది వేరే సంగతి. నాకు నోరు ఎక్కువ, ఆమెకు ఓర్పు ఎక్కువ, అందుకని బండి నడిచింది. ఇప్పుడు ఆమెకు చూపు పోతోంది. ఎందుకు పోతోందో ఆస్పత్రి కాగితంలో ఒక వాక్యం రాసి ఉంది. అది అబద్ధం. ఆ అబద్ధం అక్కే చెప్పింది, నేను పక్కన కూర్చుని విన్నాను.

మాది రఫూ కొట్టు. కోటు మేకుకు తగిలి చిరిగినా, ఇస్త్రీపెట్టె కాల్చినా, పురుగు కొట్టినా ఆ చిల్లును మళ్ళీ నేసి మూసేయడం మా పని. అతుకు వేయడం కాదు. అతుకు కనిపిస్తుంది, రఫూ కనిపించకూడదు. బట్ట లోపలి మడతలోంచి, ఎవరూ చూడని చోటునుంచి ఒక్కొక్క పోగే లాగాలి. ఏ పోగు ఎక్కడ పైకొస్తుందో, ఎక్కడ కిందికి పోతుందో చూసుకుంటూ సూదితో దూర్చాలి. అరంగుళం చిల్లుకు ఒక పూట పడుతుంది. ఆ పనంతా అక్కది. నేను ముందు బల్ల దగ్గర కూర్చుని బట్టలు తీసుకునేదాన్ని, వాటికి చీటీలు కుట్టేదాన్ని, తయారైనవి ఇస్త్రీ చేసి అప్పగించేదాన్ని. వీధిలో అందరూ ఆమెను సూదక్క అనేవారు. నన్ను ఏమనేవారో నా ఎదుట ఎవరూ అనలేదు.

మా రెండు కాపురాలకూ తిండి పెట్టినవి ఆ రెండు కళ్ళే. బావగారు, అంటే ఆమె భర్త, బస్సుల డిపోలో టైర్లు మార్చి మార్చి నడుము పట్టేసి ఇంట్లో కూర్చున్నారు. మా ఆయన ఉద్యోగం ఇవాళ ఉంటే రేపు లేదు. నల్ల కోటు మీద నల్ల పోగు పోల్చగలిగినంత కాలం అక్క పని చేస్తుంది, మేమంతా తింటాము. ఇంతకంటే దాపరికం లేని బతుకు ఉండదు.

అక్కకు చిన్నప్పటినుంచి ఎగ్జిమా ఉంది. మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక చర్మం ఎండిపోయి, పొలుసులు లేచి దురదపెట్టేది. బట్ట కప్పిన చోట జబ్బు ఉన్నా ఎవరికీ పట్టదు. కొట్టులో చేరిన కొన్నేళ్ళకు అది రెప్పల మీదికి వచ్చింది. ఉన్ని నూగు వల్లో, కోట్లకు అంటిన మందుల వాసన వల్లో తెలియదు. రెప్పలు ఎర్రగా వాచి, పైన తెల్లని పొట్టు లేచేది. పొద్దున్నే రెప్పలు అతుక్కుపోతే గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి అద్దుకుని విడదీసుకునేది. ఆ పైన రోజంతా నులుముడే. నులిమి నులిమి రెప్పలు మందమై ముడతలు పడ్డాయి, వెంట్రుకలు రాలిపోయాయి.

బట్టలు తెచ్చేవాళ్ళు ఆమె మొహం చూసి ఏడ్చిందనుకునేవారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నన్ను పక్కకు పిలిచి, "మీ బావగారు చెయ్యి చేసుకుంటాడా?" అని అడిగారు. మా బావగారు చీమను కూడా ఊది పక్కకు పంపే మనిషి. ఆయన ఆ మాట విని నాలుగు రోజులు వీధిలోకి రాలేదు. అప్పుడు నవ్వుకున్నాము. తరవాత ఒకామె వచ్చి, బూడిదరంగు కోటు బల్ల మీద పెట్టబోయి, లోపల కూర్చున్న అక్కను చూసి ఆగిపోయింది. "అది అంటుకుంటుందా?" అంది. కాదన్నాను. "ఇంకెవరైనా చేస్తారా?" అంది. లేరన్నాను. కోటు మడిచి తీసుకుపోయింది. అక్క తల ఎత్తలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆమె మీదో, అక్క మీదో ఇప్పటికీ చెప్పలేను.

మర్నాడే కొట్టు మూసి అక్కను చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన ఒక చిన్న ట్యూబు రాసిచ్చి, "పల్చగా రాయండి. పది రోజులే. తరవాత మళ్ళీ రండి" అన్నాడు.

మూడో రోజుకే ఎరుపు పోయింది. వారం తిరిగేసరికి అక్క మొహం పెళ్ళినాటి ఫోటోలోలా అయింది. బావగారు, "ఎవరీవిడ, మన ఇంట్లో తిరుగుతోంది?" అని వేళాకోళం చేశారు. పది రోజులయ్యాక మందు ఆపాము. పదిహేనో రోజుకు దురద రెట్టింపై వచ్చింది. మళ్ళీ డాక్టరు దగ్గరికి పోవాలంటే ఒక పూట బస్సు, ఒక పూట వరస. బల్ల మీద ఆరు కోట్లు ఉన్నాయి. నేను ఖాళీ ట్యూబు సంచిలో వేసుకుని మందుల కొట్టుకు వెళ్ళాను.

"ఇది లేదమ్మా, ఇంతకన్నా గట్టిది ఉంది. ఇంకా బాగా పనిచేస్తుంది" అన్నాడు కొట్టతను.

"అదే ఇవ్వండి" అన్నాను.

చీటీ అడగలేదు అతను. అతను అడగనందుకు నేను సంతోషించాను. అలా తొమ్మిదేళ్ళు తెచ్చాను. మొదట్లో నెలకొకటి. తరవాత అతను నన్ను దూరంనుంచి చూసే ట్యూబు తీసి బల్ల మీద పెట్టేవాడు. అక్క పొద్దున ఒకసారి, పని చాలించాక ఒకసారి చిటికెనవేలితో రెప్పల మీద రాసుకునేది.

మా పనిలో కంటికి పరీక్ష ఒకటే, సూదిలో దారం ఎక్కించడం. ఒక్క ప్రయత్నంలో ఎక్కితే కళ్ళు భేషుగ్గా ఉన్నట్టు. రెండోసారి పట్టిందంటే అద్దాల వేళ అయినట్టు. పాత పనివాళ్ళు ఇదే మాకు నేర్పారు, మేమూ ఇదే నమ్మాము. తొమ్మిదేళ్ళలో అక్క ఏ రోజూ రెండోసారి ప్రయత్నించలేదు. వీధిలోని ముసలమ్మలు సూదులు తెచ్చి ఆమెచేత దారాలు ఎక్కించుకుని పోయేవారు.

కానీ గడప తట్టుకోవడం మొదలుపెట్టింది. పక్కన పెట్టిన టీ గ్లాసును మోచేత్తో తోసేసేది. ఒకసారి సందులోంచి వచ్చిన సైకిలును చూసుకోక దాని కింద పడబోయింది. పలకరిస్తే పలకడం లేదని పక్కింటివాళ్ళు సణిగేవారు. మెట్ల మీద ఎదురైన మా పెద్దత్తను దాటుకుని పోతే ఆవిడ ఏడాది మా ఇంటి గడప తొక్కలేదు. నేనూ తక్కువదాన్ని కాదు. ఒకరోజు ఇస్త్రీ చేసిన కోటు ఆమె పక్కన నిలబడి చాలాసేపు చాచి పట్టుకున్నాను. తీసుకోలేదు, తల కూడా తిప్పలేదు. చెయ్యి నొప్పి పుట్టి కోటు ఆమె ఒళ్ళో విసిరాను.

"నీకు కళ్ళు నెత్తికెక్కాయక్కా!" అన్నాను. "పని నీదే అయినంత మాత్రాన మనిషిని మనిషిగా చూడవా?"

"కనబడలేదే చెల్లీ" అంది.

"కనబడకేం? నల్ల బట్ట మీద నల్ల దారం కనబడుతుంది, ఆరడుగుల తోడికోడలు కనబడదా?"

అక్క సూది తీసి, వెలుతురుకు పెట్టి దారం ఎక్కించింది. మొదటిసారే ఎక్కింది. తన కళ్ళు బాగానే ఉన్నాయని నాకు చూపిస్తోందనుకున్నాను. నాకు కాదు, తనకే చూపించుకుంటోందని ఇప్పుడు అనిపిస్తోంది. పదకొండు రోజులు మేము మాట్లాడుకోలేదు.

ఒక వకీలు తన కోటు తిరిగి తెచ్చేదాకా మాకు ఏదీ అర్థం కాలేదు. భుజం మీద చిల్లు ఉండేదని చెబితే తప్ప తెలియనంత బాగా మూసింది అక్క. దానికి రెండు వేళ్ళ దూరంలో అంతే ఉన్న ఇంకో చిల్లు అలాగే ఉంది. వకీలు కోప్పడలేదు. "ఇది మరిచిపోయినట్టున్నారు" అన్నాడు. అక్క కోటు తీసుకుని ఒళ్ళో పరుచుకుంది. నేను వేలు పెట్టి చూపించేదాకా ఆ రెండో చిల్లు ఆమెకు దొరకలేదు. ఆమె పని మీద తప్పు పట్టుకుని ఒక మనిషి తిరిగి రావడం అదే మొదలు. కొట్టుకు తాళం వేసి ఆమెను కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

అక్కడ లోతైన తెల్లని గిన్నెలాంటి యంత్రంలో ఆమె మొహం పెట్టించారు. మధ్యలో ఉన్న చుక్కనే చూస్తూ, చుట్టూ ఎక్కడ వెలుగు మెరిసినా చేతిలోని మీట నొక్కాలి. నేను తెర బయట బెంచీ మీద కూర్చున్నాను. అక్కకు ముందు వెళ్ళిన మనిషి మీట టక్కు టక్కుమని ఆగకుండా మోగింది. అక్కది ఒకసారి మోగింది. తరవాత చాలాసేపు ఏమీ లేదు. యంత్రం పాడైందేమో అనుకున్నాను. మళ్ళీ ఒకసారి మోగింది. అప్పుడు నాకు భయం వేసింది.

డాక్టరమ్మ కాగితం మా ముందు పెట్టింది. రెండు గుండ్రాలు, ఒక్కో కంటికి ఒకటి. రెండూ నల్లగా ఉన్నాయి. నడుమ చిన్న తెల్లని చోటు ఉంది, ఎడమదానిలో అది కూడా సగమే.

"గ్లకోమా అమ్మా, నీటికాసులు" అంది. "కంట్లో ఒత్తిడి చాలా ఎక్కువైంది. నరం అంచులనుంచి చచ్చిపోతూ వస్తుంది. నడిమి చూపు ఆఖరిదాకా ఉంటుంది. అందుకే ఎవరికీ తెలియదు." తరవాత అక్క మొహానికి దగ్గరగా వంగి, "రెప్పలకి ఏమైనా రాస్తున్నారా?" అని అడిగింది.

ట్యూబు నా సంచిలోనే ఉంది. వచ్చేదారిలో కొత్తది కొన్నాను. తీసి ఇచ్చాను. ఆవిడ దాని మీది అక్షరాలు చదివి కళ్ళు మూసుకుంది.

"ఒంటి మొత్తం మీద రెప్ప చర్మమే పల్చన. దాని మీద రాసింది లోపలికి దిగుతుంది. ఇది గట్టి స్టెరాయిడ్. కొందరికి కంట్లో ఒత్తిడి పెంచేస్తుంది. చర్మం జబ్బు రెప్పల దాకా వచ్చిందంటే కంటికి కూడా వచ్చినట్టే, కంటి డాక్టరు చూస్తూ ఉండాలి. ఎన్నాళ్ళు రాశారు?"

"తొమ్మిదేళ్ళు" అంది అక్క.

డాక్టరమ్మ గొంతు పెరిగింది. "ఎవరు రాయమన్నారు? ఎవరు తెచ్చి ఇచ్చారు ఇన్నేళ్ళు?"

నాకు నోరు ఎక్కువని మొదటే చెప్పాను కదా. ఆ రోజు ఆ నోరు పెగల్లేదు.

"నేనే కొనుక్కున్నానమ్మా" అంది అక్క. "ఎవరూ చెప్పలేదు. నా సొంత తెలివి."

డాక్టరమ్మ నిట్టూర్చి, రోగి సొంతంగా వాడారు అని రాసింది. పోయినది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టడానికి చూద్దాం అంది. చుక్కల మందు ఇచ్చింది. ట్యూబు చెత్తబుట్టలో పడేసింది.

ఇంటికి వెళ్ళాక బావగారికి, మా ఆయనకు కూడా అక్క అదే చెప్పింది. బావగారు ఆమెను జీవితంలో మొదటిసారి కసిరారు. "అంత మూర్ఖంగా ఎలా వాడావే?" అన్నారు. నేను వంటగదిలో నిలబడి విన్నాను. బయటికి వచ్చి నిజం చెప్పడానికి నాలుగు అడుగులు చాలు. నేను వెయ్యలేదు. నన్ను నేను అసహ్యించుకున్నాను, అయినా వెయ్యలేదు.

చుక్కలు వేశాము, ఆపరేషను కూడా చేయించాము. ఒత్తిడి దిగింది. ఎడమ కంటి చూపు మాత్రం ఆ చలికాలంలోనే పూర్తిగా పోయింది. కుడి కంట్లో గొట్టంలోంచి చూసినంత చూపు మిగిలింది. ట్యూబు ఆపగానే ఎగ్జిమా పగబట్టినట్టు తిరిగొచ్చింది. కొత్త చర్మం డాక్టరు స్టెరాయిడ్ కాని లేపనం ఇచ్చాడు. అది నిదానంగా పని చేస్తుంది, కొన్నాళ్ళు అసలు చేయదు. రెప్పలు మళ్ళీ ఎర్రగా, పొట్టు పొట్టుగా ఉన్నాయి. పెద్ద పనులు మానేశాము. చిన్న చిల్లులు నేను వెతికి సుద్దతో చుట్టూ గీస్తాను, అక్క ఆ గీత లోపల నేస్తుంది.

మొన్నొక మధ్యాహ్నం కొట్టులో ఎవరూ లేరు. ఇక తట్టుకోలేక అడిగేశాను.

"ఆ రోజు డాక్టరమ్మతో అలా ఎందుకు చెప్పావక్కా? తెచ్చింది నేను. గట్టిది ఇమ్మన్నది నేను. నన్ను ఎందుకు తిట్టవు? ఒక్కసారి తిట్టు, నీకు పుణ్యముంటుంది."

అక్క చేతిలో పని ఆపింది. "పది రోజులే అని ఆయన చెప్పినప్పుడు నేనూ అక్కడే ఉన్నానుగా. నాకేం చెవుడా?"

"మరి ఎందుకు రాసుకున్నావు?"

ఆమె సూదిని బట్టకు గుచ్చి పెట్టింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మామూలుగా, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది.

"ట్యూబు రాకముందు నువ్వు కూడా నా మొహం చూసి మాట్లాడేదానివి కాదే. బల్ల వైపు చూసి మాట్లాడేదానివి. అది వాడాక చూశావు. తొమ్మిదేళ్ళు చూశావు. నాకది బాగుండేది."

కాదని అనబోయాను. అబద్ధం చెప్పడానికి కూడా నోరు రాలేదు. ఎందుకంటే ఆమె ఆ మాటలు అంటున్నంతసేపూ నేను బల్ల వైపే చూస్తున్నాను.