ఒంటిచేతి ఆటపెట్టె

అబద్ధం ఎందుకు, ఆ ఆటపెట్టె నేను నాయన మీద ప్రేమతో చేసింది కాదు. ఆయన దగ్గర నుంచి రోజుకు నాలుగు గంటలు తప్పించుకోవడానికి చేసింది. ఒకే వరండా పొడుగునా వరుసగా గదులుండే మా చాళీలో అందరూ "బిడ్డంటే గిట్లుండాలె" అని మెచ్చుకుంటుంటే మాత్రం నోరు మూసుకుని విన్నాను. ఊరికే వచ్చే మెచ్చుకోలును ఎవరు వద్దంటారు?

నాయన తాపీమేస్త్రీ. పాలమూరు నుంచి ఆయన తాత కాలంలో వచ్చి కామాటిపురలో దిగిన కుటుంబం మాది. నలభై ఏళ్లు ఈ ఊరి గోడలు కట్టాడు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట మిగిలింది, ఎడమ చెయ్యి మిగిలింది. మేముండేది మూడో అంతస్తులో. చెక్కమెట్లు నిచ్చెనలాగా నిటారుగా ఉంటాయి. ఆయన్ను కుర్చీలో పెట్టి దించాలంటే నలుగురు మగవాళ్లు కావాలి, ఆ నలుగురికీ ఒకే రోజు తీరిక దొరకాలి. ఆసుపత్రి నుంచి తెచ్చి పైకెక్కించాక ఆయన మళ్లీ నేల మీద కాలు పెట్టలేదు. అమ్మ అంతకుముందే పోయింది. అన్న వర్లిలో వేరే కాపురం. ఆదివారం వచ్చి, అరటిపళ్లు పెట్టి, ఫోన్లో టైము చూసుకుని వెళ్తాడు. మిగిలింది నేను.

నాకు ఫోన్ల బోర్డులు బాగుచేయడం వచ్చు. ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక దుకాణం సేఠ్ చచ్చిన ఫోన్లను సంచిలో వేసి పైకి పంపేవాడు. కిటికీ పక్కన స్టూలు వేసుకుని, బాగుచేసి కిందికి పంపేదాన్ని. పన్నెండడుగుల ఖోలీ, ఇల్లంతా ఆ ఒక్క గదే. ఆ చివర మంచం మీద నాయన, ఈ చివర నేను. ఐదు నిమిషాలకోసారి "బిడ్డా" అని పిలుపు.

"బిడ్డా, పంకా జర తగ్గియ్యి."

"బిడ్డా, కింద ఏందది లొల్లి?"

"బిడ్డా, టైమెంతయింది?"

నిజంగా ఆయనకు కావలసిందేమీ ఉండేది కాదు. నేను ఉన్నానో లేదో చూసుకునేవాడు, అంతే. ఆ సంగతి తెలిసీ నాకు ఒళ్లు మండేది. సోల్డరు కరిగిన క్షణంలోనే పిలుస్తాడు, చెయ్యి కదులుతుంది, సగం పని పాడు. కొన్ని రోజులు గ్యాలరీ చివర నల్లా దగ్గర నిండిన బకెట్టునే మళ్లీ ఒంపి మళ్లీ నింపుతూ పది నిమిషాలు నిలబడేదాన్ని. ముప్పై నాలుగేళ్ల మనిషిని, నాకు దొరికే సెలవు అది.

అప్పుడు సేఠ్ కబురు చేశాడు. కొత్త మైక్రోస్కోపు తెచ్చాడట, ఇక బోర్డులు దుకాణం దాటి పోవట. ఒకటో తారీఖు నుంచి పదింటికి వచ్చి రెండింటి దాకా కూర్చుంటే పని నాదే, లేదంటే వేరే మనిషిని చూసుకుంటాడు. నాలుగు గంటలు. నాయన నాలుగు గంటలు నన్ను పిలవకుండా ఉంటే నేను బయటి మనిషినవుతాను, లేకపోతే ఈ కిటికీ పక్కనే ముసలిదాన్నవుతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ వారంలో బాగా అర్థమైంది.

అటక మీద పాత టీవీ గేము గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు కొన్నది, టీవీకి తగిలించి ఆడేది. అందులో పై నుంచి ఇటుకలు పడే ఆట ఒకటుంది. నాయన పని నుంచి వచ్చి, చేతులకు సిమెంటు ఉందని దాన్ని ముట్టుకోకుండా నా వెనక కూర్చుని "ఆడ వెట్టు, ఆ సందుల వెట్టు" అని అరిచేవాడు. వరుస నిండి మాయమైనప్పుడల్లా తిట్టేవాడు. నేను ఆలస్యంగా నొక్కానని తిడుతున్నాడనుకునేదాన్ని. ఇంత ఇష్టమైన ఆట చేతికిస్తే పూట గడిచిపోతుందని నా లెక్క.

కానీ ఆయన పడుకున్న చోటు నుంచి టీవీ కనబడదు. ఆ గేము రిమోట్‌కు రెండు చేతులు కావాలి. బజార్లో దొరికే చేతి గేములు కూడా అంతే, ఎడమ బొటనవేలికి దిక్కులు, కుడి బొటనవేలికి బటన్లు. అంతా ఒక్క ఎడమ చేతిలో ఇమిడేది ఎవరూ చేయరు. సరే, నేనే చేస్తానని కూర్చున్నాను.

పాత గేము విప్పితే లోపల పెద్ద డబ్బాకు చిన్న ప్రాణం. అరచేతిలో పట్టే బోర్డు, దాని మీద నల్లటి లక్క చుక్కలాంటి చిప్పు. పనికిరాని చోటంతా రంపంతో కోసేశాను. తెరకు, కార్లలో వెనక్కి పోయేటప్పుడు చూసుకునే చిన్న స్క్రీను ఒకటి తుక్కులో దొరికింది. ఫోను బ్యాటరీ, ఛార్జింగు ముక్క నా సామానులోవే. రిమోట్‌లోని బటన్ల తీగలు ఒక్కొక్కటి పీకి కొత్త చోటికి లాగాను. దిక్కులు బొటనవేలి కింద, ఇటుకను తిప్పే బటన్ వెనక వైపు చూపుడువేలికి, స్టార్ట్ మాత్రం పొరపాటున తగలకుండా పైన మూలకు. పెట్టె పలచటి ప్లైవుడ్‌తో చేశాను. జారకుండా సైకిలు ట్యూబు చుట్టాను. చూడటానికి దేని పోలికా లేని వస్తువు. మూడుసార్లు తప్పు తీగ అతికించి పొగ రప్పించాను, ఒకసారి ఏడ్చాను కూడా. పదిహేను మధ్యాహ్నాలు పట్టింది. ఆ పదిహేను మధ్యాహ్నాలూ నాయన "ఏంజేస్తున్నవే?" అని అడుగుతూనే ఉన్నాడు.

చేతిలో పెట్టినప్పుడు ఆయన ముఖం చూసి కాసేపు నా ఉద్దేశం నేనే మరిచిపోయాను. ఎడమ చేతితో గ్లాసు ఎత్తడానికే తడబడే మనిషి, గంటలో ఇటుకల్ని తిప్పడం నేర్చుకున్నాడు. నేను స్టూలు మీద కూర్చుని, అమ్మయ్య అనుకుంటూ ఫోను విప్పాను.

"బిడ్డా! ఇటు రా, సూడు."

వెళ్లి చూశాను. తెర నిండా గోడ. కింది నుంచి పైదాకా ఇటుకలు బిర్రుగా, ఎక్కడా బొక్క లేదు. కుడి అంచున మాత్రం ఒక్క గడి వెడల్పు సందు, నిలువునా. ఆట అయిపోయి గోడ అలాగే నిలిచి ఉంది.

"ఆ సందు నింపాలె నాయినా. వరుస నిండితే పోతది. గప్పుడే ఆట."

"నిండితే పోతదనే ఇడ్సిన. కట్టిన గోడ పోవుడు ఆటనా?"

"మరి ఆ సందేంది?"

"డ్రేనేజీ పైపు. పైపు ఏడికెల్లి పోతది మరి?" అని, నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "ఇటుకల జాయింటు మీద జాయింటు రాలె, సూసినవా? వస్తె గోడ పగుల్తది. మంచిగ సూడు. సూసినంకనే నొక్కుత."

చిన్నప్పటి ఆ తిట్లు నన్ను కాదు, గోడను మాయం చేసే ఆటనని అప్పుడు తెలిసింది. తానొకటి తలిస్తే దైవమొకటి తలిచింది. ఆట ఎంత సేపైనా సాగాలని నేననుకుంటే, ఆయన పదిహేను నిమిషాల్లో గోడ పైకప్పుకు ఆనించి ఆట ముగిస్తున్నాడు. స్టార్ట్ నొక్కితే ఆ గోడ తుడిచిపెట్టుకుపోయి కొత్త ఆట వస్తుంది. అందుకని నేను వచ్చి చూసేదాకా నొక్కడు. పాత పిలుపులు పోయి కొత్తది ఒకటి పట్టుకుంది. చూడకుండానే "మంచిగుంది" అని కిటికీ దగ్గర నుంచే అంటే, "అట్లనా? మూడో వరుసల ఏమున్నది చెప్పు" అనేవాడు.

ఎదురు ఖోలీలో ఉండే, నేను అత్తా అని పిలిచే ఆవిడను బతిమాలాను, నేను లేనప్పుడు నువ్వొచ్చి చూసి బాగుందని చెప్పమని. ఆమె చూసి "ఏక్‌దమ్ మస్తుంది అన్నా" అంది. నాయన మర్యాదగా తలూపి, ఆమె పోయాక, "ఆమెకేమెర్క జాయింటు? నువ్వు సూడు" అన్నాడు.

అందులో అన్యాయం ఏమీ లేదు. బడి సెలవుల్లో నన్ను పనిమీదికి తీసుకుపోయేవాడు. గోడ నిటారు చూసే, దారానికి వేలాడే ఇత్తడి గుండు నా చేతికిచ్చి గోడ పక్కన నిలబెట్టేవాడు. నేను ఒక కన్ను మూసి చూసి "సక్కగుంది" అంటే తప్ప పై వరుస మొదలుపెట్టేవాడు కాదు. ఎనిమిదేళ్ల పిల్ల చెప్పేదాకా కూలీలంతా ఆగేవాళ్లు. వాళ్లు నవ్వినా ఆయన నవ్వేవాడు కాదు. ఆ గర్వం నాకూ ఉండేది, ఇప్పుడు దాని బరువు మోస్తున్నాను.

ఒకటో తారీఖుకు మూడు రోజుల ముందు ఒకసారి దుకాణానికి వచ్చి కూర్చుని చూడమని సేఠ్ కబురు పంపాడు. నాయనకు ఆటపెట్టె చేతికిచ్చి, పక్కన నీళ్లు పెట్టి, పన్నెండింటికి టీ ఇవ్వమని అత్తకు చెప్పి, "రెండింటికొస్త" అని దిగిపోయాను.

దుకాణంలో మైక్రోస్కోపు కింద ఒక బోర్డు పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు గంటలు నన్నెవరూ పిలవలేదు. ఒక్క అతుకు కూడా పాడవలేదు. పక్కన పనిచేసే వాళ్లు ఏదో జోకు వేస్తే గట్టిగా నవ్వాను, నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. సంతోషంగా ఉన్నాను, దాచడమెందుకు. రెండు కొట్టాక సేఠ్ ఇంకో బోర్డు చూపించి "ఒకటో తారీఖున చూద్దువులే" అన్నాడు. నేనే తీసుకుని మళ్లీ కూర్చున్నాను. నలభై నిమిషాలు. ఆలస్యం ఎవరూ చేయించలేదు, నాకు లేవబుద్ధి కాలేదు.

మెట్లెక్కేసరికి అత్త మా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"టీ తాగలే, నీళ్లు తాగలే. చెయ్యి ఖాళీ లేదంటడు. నేను తాపిస్త అంటే గూడ ఒద్దన్నడు, పెట్టె కదులుతదంట. నీ దిక్కే సూస్తున్నడు పొద్దటికెల్లి."

నాయన ఛాతీ మీద పెట్టె నిలబెట్టి, ఎడమ చేత్తో బిగించి పట్టుకుని ఉన్నాడు. తెర నల్లగా ఉంది. బ్యాటరీ ఎప్పుడు అయిపోయిందో. కింద దుప్పటి తడిసి ఉంది.

"పోయింది బిడ్డా" అన్నాడు. "పైకి ఆనిందాక గట్టిన. ఒక్క జాయింటు తప్పలె. రెండుకొస్త అంటివి గదా అని పట్టుకోనున్న."

పదింబావుకే గోడ పూర్తయి ఉంటుంది. అప్పటి నుంచీ ఆ ఒక్క చెయ్యి కదపకుండా కాపలా కాశాడు. నాకు జాలి రాలేదు, ముందు కోపమే వచ్చింది. "నొక్కితే ఇంకోటి వస్తది గద నాయినా! ఇంకో గోడ గట్టుకుంట కూసుంటే నీకేం పోయింది?" అని అరిచాను. అత్త మెల్లగా తన ఖోలీలోకి పోయింది.

"ఎవరూ సూడంది ఎన్ని గడితే ఏంది?" అన్నాడు. గొంతు పెంచలేదు.

ఒక్కొక్క వేలూ విడదీసి పెట్టె తీసుకున్నాను. సైకిలు ట్యూబు గీతలు అరచేతిలో ఎర్రగా దిగిపోయి ఉన్నాయి. దుప్పటి మార్చాను, ఒళ్లు తుడిచాను. గ్లాసు నోటికి పెడితే ఆపకుండా రెండు గ్లాసులు తాగాడు. ఇదంతా చేస్తూ నేను ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నాను. "ఇంక పోకు" అంటాడు. అంటే దానికి నా దగ్గర రెండేళ్లుగా దాచుకున్న జవాబు ఉంది. అది కక్కేసి ఆ కోపంతోనే పోవచ్చు, లేదా ఆగిపోయి ఆయన వల్లే ఆగానని చచ్చేదాకా అనుకోవచ్చు. రెండింట్లో ఏదైనా నాకు సుఖమే.

"పని ఎట్లుండె?" అన్నాడు.

"మంచిగుండె."

"మళ్ల రమ్మన్నడా?"

"ఒకటో తారీఖుకెల్లి."

ఆయన పైకప్పు వైపు చూశాడు. ఏదో కొలుస్తున్నట్టు పెదవులు కదిలాయి.

"అయితే పెద్ద బ్యాటరీ ఎయ్యి. ఇది నువ్వొచ్చెదాక ఆగుతలేదు."

పెట్టె విప్పి, పాత బ్యాటరీ పక్కన ఇంకొకటి కలిపాను. వెనక భాగం ఉబ్బెత్తుగా అయింది కానీ ఏడు గంటలు ఆగుతుంది. ఛాతీ మీద పెట్టుకోవడానికి చిన్న చెక్క స్టాండు కూడా చేశాను, చెయ్యి వదిలినా కదలకుండా. ఇప్పుడు అత్త ఇస్తే టీ తాగుతున్నాడు. నేను రోజూ పదింటికి దుకాణంలో ఉంటాను. పదింబావు అయ్యేసరికి పైన గోడ పూర్తయిపోయిందని నాకు తెలుస్తుంది, ఇక చూపు గడియారం మీదికే పోతుంది. సేఠ్ ఏ మాటైనా రెండోసారి చెబితే గాని వినబడదు. రెండు కొట్టగానే బోర్డు ఎక్కడిదక్కడ వదిలి మూడంతస్తులు ఆయాసంతో ఎక్కి, చెప్పులైనా విప్పకుండా ఒక కన్ను మూసి ఆ తెర వైపు చూస్తాను. "సక్కగుంది" అంటాను. అప్పుడు ఆయన నొక్కుతాడు. ఆ రోజు ఆయన పోవద్దని ఒక్క మాట అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.