పాకం చప్పుడు

మొన్న ఆదివారం పల్లిపట్టీలు చేద్దామని పొయ్యి మీద బెల్లం పెట్టాను. పాకం కుదిరిందో లేదో చూడడానికి గరిటెతో కొంచెం తీసి నీళ్ల గిన్నెలో వేసి, చల్లారిన ముద్దను వేళ్లతో ఉండ చేసి స్టీలు పళ్లెంలోకి విసిరాను. ఖణ్‌మంది. అది వినగానే నా కుడిచెయ్యి దానంతటదే కొంగు అందుకుని నడుములో దోపింది. వంటింట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఆ సైగ ఎవరి కోసం నేర్చుకున్నానో ఆ మనిషి పోయి మూడేళ్లయింది. అయినా చెయ్యి ఊరుకోదు. మీరెవరూ ఆయన్ని చూడలేదు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

మా ఆయన పేరు సాయిలు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు నలిపే మిల్లు దగ్గర ఫిట్టరుగా చేసేవాడు. పొద్దంతా ఆ మోతలో ఉండి వచ్చేవాడు కాబట్టి ఇంట్లో కూడా మిల్లు నడుస్తున్నట్టే మాట్లాడేవాడు. కూరలో ఉప్పెక్కువైన సంగతి నాకూ గల్లీకీ ఒకేసారి తెలిసేది. పెళ్లయిన కొత్తలో సిగ్గుతో తలుపు వేసేదాన్ని. తలుపుతో లాభం లేదని తెలిశాక మానేశాను. అయితే ఆయనకొక అలవాటుండేది. డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాయ్ సగం సాసర్‌లో పోసుకుని, మిగిలిన కప్పు నా ముందుకు జరిపి, ఆ రోజు జరిగిందంతా చెప్పేవాడు. ఏ బేరింగు అరిగింది, ఎవరు ఎవరి మీద అరిచారు, ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారు. అంతా చెప్పి చివర్లో తప్పకుండా అడిగేవాడు, "నువ్వైతే ఏం చేస్తుంటివి, సుగుణా?"

నేను పదో తరగతి దాకా చదివి, ఇంట్లో జాకెట్లు కుట్టుకునే మనిషిని. అప్పటిదాకా నన్ను ఎవరూ ఏదీ అడిగింది లేదు. పుట్టింట్లో చెప్పింది వినడమే తప్ప చెప్పేది ఉంటుందని కూడా నాకు తెలియదు. మొదట్లో విసుక్కున్నాను. "నాకేం ఎర్క మీ మిల్లు సంగతి?" అన్నాను. "మిల్లు సంగతి అడుగుతలేను. మనుషుల సంగతి అడుగుతున్న. గది నీకు ఎర్కనే గద," అన్నాడు. మెల్లగా జవాబులు రావడం మొదలైంది. కొన్నాళ్లకు ఆయన అడగకముందే చెప్పేదాన్ని, ఇంకొన్నాళ్లకు గొడవపడేదాన్ని. ఒక్కోసారి మర్నాడు ఇంటికొచ్చి, "నువ్వు అన్నట్టే చేసిన. మంచిగనే అయింది," అని ఊరంతా వినబడేలా చెప్పేవాడు. నన్ను ఒక మనిషిని చేసింది ఆ ప్రశ్నే. అందుకే మొగుడు అనే మాట కన్నా దోస్తు అనే మాటే ఆయనకు సరిపోతుందని నాకనిపిస్తుంది.

సర్కారు ఫ్యాక్టరీని ప్రైవేటువాళ్లకు అమ్మేసింది, ఆయన పని పోయింది. ఆయన ఎనిమిది నెలలు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తిట్టలేదు, తాగలేదు, ఏడవలేదు. చాయ్ ఇస్తే తాగేవాడు, కానీ ఏమీ చెప్పేవాడు కాదు, ఏమీ అడిగేవాడు కాదు. అన్ని మాటలు మాట్లాడిన మనిషి పక్కన నేను మిషను తొక్కుకుంటూ కూర్చున్న ఆ ఎనిమిది నెలలను తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమే.

ఆ గోడ నుంచి ఆయన్ని లేపింది గంగారెడ్డి పటేలు. కందకుర్తి దారిలో ఆయనకు చెరుకు తోట ఉంది. నమ్మకంగా కొనే ఫ్యాక్టరీ లేక, తోట పక్కనే చెరుకురసం కాచే పెద్ద ఇనుప పెనం పెట్టించి బెల్లం వండించడం మొదలుపెట్టాడు. వండేది సరిహద్దు నది అవతలి నుంచి వచ్చిన ఒక మరాఠీ ముసలాయన. మా ఆయన ఆ ముసలాయన దగ్గర మంట వేసేవాడిగా చేరి రెండు సీజన్లలో పని మొత్తం నేర్చుకున్నాడు. పాకం పెనాన్ని పొయ్యి మీద నుంచి దించే క్షణమే అసలు విద్య. ముందు దించితే బెల్లం అచ్చులో గట్టిపడదు, ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. "ఆవిరిల కన్ను మోసపోతది. సూసుడు కాదు సుగుణా, ఇనుడు," అని ఇంటికొచ్చి చెప్పేవాడు. ఉడుకు చప్పుడు బరువెక్కాలి, నీళ్లలో వేసిన ముద్ద పెనం అంచుకు కొడితే ఖణ్‌మనాలి. ముసలాయన తన ఊరికి పోయాక పెనం మా ఆయన చేతికి వచ్చింది. మళ్లీ సాసర్‌లో చాయ్, మళ్లీ ముచ్చట్లు, మళ్లీ ఆ ప్రశ్న.

ఆరేడేళ్లు బాగా నడిచింది. తర్వాత ఒక ఏడు, వారంలో మూడు పెనాల బెల్లం చెడిపోయింది. రెండు మాడాయి, ఒకటి అచ్చులో జారిపోయింది. ఆయన మంట వేసేవాళ్ల మీద అరిచాడు, చెరుకే మంచిది కాదన్నాడు. నాకు మాత్రం ఇంకో సంగతి తట్టింది. కొన్ని నెలలుగా ఆయన ముచ్చట చెబుతున్నాడు, కానీ చివర్లో ఏమీ అడగడం లేదు. మొదట నా మీద కోపమనుకున్నాను. ఆ సాయంత్రం ఆయన వాకిట్లో కూర్చుని ఉంటే, వెనక నిలబడి ఇత్తడి చెంబు బండల మీద పడేశాను. గోడ మీది పిల్లి దూకి పారిపోయింది. ఆయన తల తిప్పలేదు.

ఎదురుగా వెళ్లి కూర్చుని అడిగాను, "ఎన్నొద్దుల సంది ఇనవడతలేదయ్యా?"

మొదట కోపం తెచ్చుకున్నాడు. "ఎవ్వలు చెప్పిండ్రు నీకు? నీ మొహం సూస్తే సగం ఇనవడతది," అన్నాడు. కాసేపటికి తల వంచుకుని, మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. "మిల్లు మోత చెవులు తినేసింది సుగుణా. పెనం కాడ ఏం ఇనవడతలేదు. ఎవ్వలకు చెప్పకు."

డాక్టరు దగ్గరికి పోదామన్నాను. చెవిలో మిషను పెట్టుకుంటే అందరూ చూస్తారని మొండికేశాడు. చెవిటివాడి చేతికి పెనం ఎవరిస్తారని ఆయన బాధ. మళ్లీ ఆ గోడ దగ్గర కూర్చుంటాడేమోనని నా బాధ. మర్నాడు నేనూ పటేలు తోటకు వెళ్లాను. మురికి నురుగు తీయడానికి మనిషి కావాలి కదా, నేను తీస్తానన్నాను. పటేలు సరేనన్నాడు. పెనానికి ఆయన అటు, నేను ఇటు. ఆయన ముద్ద చేసి అంచుకు కొట్టేవాడు, నేను వినేదాన్ని. ఖణ్‌మంటే కొంగు నడుములో దోపేదాన్ని. ఆయన వెంటనే "దించుండ్రి!" అని గట్టిగా అరిచేవాడు. మొదటి పెనం బంగారంలా వచ్చింది.

అలా పదకొండు సీజన్లు గడిచాయి. పెనం దగ్గర ఎవరైనా మాట్లాడిస్తే ఆయన ఒకదానికొకటి చెప్పేవాడు. చెరుకెట్లుందని అడిగితే "తిన్ననే, జొన్న రొట్టె," అనేవాడు. నేను నవ్వి, "ఆయనకు పరాచికాలెక్కువ," అని సర్దేదాన్ని. ఇంట్లో మాకు మా సైగలు వచ్చేశాయి. కొట్లాట కూడా సైగలతోనే. గల్లీవాళ్లకు వినోదం తగ్గిపోయింది. నా మొహం చూస్తూ మళ్లీ అడగడం మొదలుపెట్టాడు, "నువ్వైతే ఏం చేస్తుంటివి?" అని. ఈ మొత్తంలో నాకొక గర్వం ఉండేదని ఒప్పుకోవాలి. ఆయన పరువు నా కొంగుకు ముడివేసి ఉందనీ, ఆ సంగతి ఈ లోకంలో మా ఇద్దరికే తెలుసనీ.

మూడేళ్ల కింద ఒక మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద ఒరిగాడు, మళ్లీ లేవలేదు. గుండె అన్నారు. ఏడ్చాను. దినాలైపోయాక కుట్టు మిషను ముందు కూర్చున్నాను. ఈసారి గోడకు ఆనుకునే వంతు నాదని అనిపించింది.

చెరుకు కోతలు మొదలైన వారానికి గంగారెడ్డి పటేలు తానే ఇంటికొచ్చాడు. "చెల్లే, రేపు పెనం ఎక్కిస్తున్నం. నువ్వు రావాలె," అన్నాడు.

"నేనెందుకు పటేలా? వండేటాయన పాయె గద," అన్నాను.

పటేలు కండువా సర్దుకున్నాడు. "సాయిలు నాకు మొదటేడే చెప్పిండమ్మా. నువ్వు పనికి వచ్చిన దినమే. 'పటేలా, నాకు ఇనవడదు. ఇనేది మా సుగుణ. నన్ను తీసేస్తవో ఉంచుతవో నీ ఇష్టం. ఉంచితే మాత్రం నీకు ఎర్కైనట్టు దానికి తెల్వనియ్యకు. నన్ను కాపాడుతున్న అనుకుంటనే అది ఇల్లు దాటి వస్తున్నది. ఆ పని దానికి పూర్తిగ రానీ,' అన్నడు. గిన్నేండ్లు మేం పనికి పిలిచింది నిన్నే."

నాకు ఒళ్లు మండింది. ఆ మనిషి ఎదురుగా ఉంటే కొట్టేదాన్నే. రోజూ అన్నీ చెప్పినవాడు ఇది పదకొండేళ్లు దాచాడు. నేనైతే చెప్పేసేదాన్నని రాత్రంతా ఆయనతో మనసులోనే గొడవపడ్డాను. తెల్లవారాక ఇంకోటి తోచింది. నేనూ ఆయన కోసం ఊరందరి దగ్గరా దాచాను కదా. కోపం పూర్తిగా పోలేదు గానీ, చెప్పులేసుకుని బస్సెక్కాను.

పెనం కుతకుతమంటోంది. మంట వేసేవాళ్లు, పెనం దించే నలుగురూ పాతవాళ్లే. అటువైపు ఆయన నిలబడే చోట ఎవరూ నిలబడలేదు, ఖాళీగా వదిలేశారు. ముద్ద చేసి నేనే అంచుకు కొట్టాను. ఖణ్‌మంది. దించండి అని అరవాల్సింది ఇక నేనే. ఆ ఖాళీ చోటు వైపే చూస్తూ ఉంటే, చెయ్యి అలవాటుగా కొంగు అందుకుని నడుములో దోపింది. అంతే, నలుగురూ ఒక్కసారిగా పెనం లేపారు. ఎవరూ ఎవరి అరుపు కోసమూ చూడలేదు. ఇన్నేళ్లూ వాళ్లు చూసింది నా కొంగునేనని అప్పుడు అర్థమైంది. ఆ పొగలో అక్కడే నిలబడి ఏడ్చాను.

అప్పటి నుంచి ప్రతి సీజనూ పోతూనే ఉన్నాను. వచ్చే నెల మళ్లీ పెనం ఎక్కుతుంది. నోటితో చెప్పొచ్చు, అక్కడ అందరి చెవులూ బాగానే ఉన్నాయి. అయినా నేను కొంగే దోపుతాను.