వాన చూసే ఆమె చిటికెనవేలు

ఆదివారం వస్తే ఆ ఇంట్లో పోట్లాట వంటింట్లో మొదలై ఏదో ఒక శిల్పం కాళ్ళ దగ్గర ముగిసేది.

మైనమ్మ పొద్దున్నే లేచి నాలుగు సీసాల్లో నీళ్ళు నింపేది. సంచీలో నీళ్ళతోపాటు ఒక కాగితం ఉండేది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించింది. ఊళ్ళో కూడళ్ళలో, పార్కుల్లో, ఆఫీసుల ముందు నిలబెట్టిన అరవై శిల్పాల జాబితా అది, ఒక్కోదానికీ ఎదురుగా చిరునామా. నగరపాలక కార్యాలయం వాళ్ళు అచ్చేశారు. చూసొచ్చినదాన్ని పెన్సిలుతో కొట్టేసేది. ఏడాదిన్నరగా ఇదే వరస. నలభై ఎనిమిది అయ్యాయి.

ఆమెకి కావలసింది మాత్రం ఒక్కటే, ఇరవై మూడో నంబరు, ‘వాన చూసే ఆమె’. కాగితంలో రాసిన కూడలికి మొదటి ఆదివారమే ఇంటిల్లిపాదీ వెళ్ళారు. అక్కడ కొత్త వంతెన స్తంభం ఉంది, శిల్పం లేదు. ఎక్కడికి తీసుకెళ్ళారని అడిగితే ఈ ఆఫీసు వాళ్ళు ఆ ఆఫీసుకి పొమ్మన్నారు, వాళ్ళు ఇంకో ఆఫీసుకి పొమ్మన్నారు. ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోతే ఎక్కడో ఒకచోట తగలకపోదని మైనమ్మ మొండికేసింది.

ఆమెకి అసలు పేరు వేరే ఉంది. కంచు పోత ఫ్యాక్టరీలో, మైనం గదిలో పదహారేళ్ళు పనిచేసింది కనక అందరికీ మైనమ్మే. శిల్పి మట్టితో బొమ్మ చేసి ఇచ్చి వెళ్ళిపోతాడు. దానికి అచ్చు తీసి, అందులో మైనం పోసి, అదే బొమ్మను మైనంలో తీస్తారు. బుడగలు పూడ్చడం, అతుకులు చెరపడం ఆ గదిలో ఆడవాళ్ళ పని. తర్వాత పైపూత వేసి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. అది ఖాళీ చేసిన చోట కంచు కూర్చుంటుంది. పదహారేళ్ళ చాకిరీ అలా కారిపోయిందే.

మొగుడు అదే ఫ్యాక్టరీలో రాకుడు మేస్త్రి. చల్లారిన కంచును కోసి, అతికి, గ్రైండరుతో నున్నగా చేసేవాడు. ఎడమచేతివాటం మనిషి. ‘నా చేతిమీదుగా వంకర పని బయటికి పోలేదు’ అనే మాట రోజుకోసారైనా అనకపోతే ఆయనకి అన్నం అరగదు. ఇంట్లో కూరల కత్తిని కూడా అంతే శ్రద్ధగా సానబెట్టేవాడు. ఎడమనుంచి కిందికి ఏటవాలుగా, వెంట్రుకల్లాంటి గీతలు.

కూతురికి ఎనిమిదేళ్ళప్పుడు కుడిచేతి చిటికెనవేలు తలుపు సందులో నలిగింది. కట్టు విప్పేసరికి వేలు పక్కవేలి మీదికి వాలిపోయి, మధ్య కణుపు గోళీకాయలా ఉబ్బి ఉంది. బడికి వెళ్ళనని ఏడిస్తే ఆ రోజు మైనమ్మ తనతో ఫ్యాక్టరీకి తీసుకెళ్ళింది. ఖర్మ కాలి ఆ రోజే ‘వాన చూసే ఆమె’ మైనం చెయ్యి మైనమ్మ చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. ముక్కలు. అచ్చు అప్పటికే పాడైంది, శిల్పి ఊళ్ళో లేడు. రెండింటికల్లా పైపూతకి పంపాలి. తెలిస్తే పని ఊడుతుంది.

మధ్యాహ్నం విరామంలో పిల్లను చెక్కపెట్టె మీద కూర్చోబెట్టింది.

“చెయ్యి చాపు. వాన పడుతోందేమో చూడు.”

“గదిలో వానేంటమ్మా?”

“చాపమన్నానా!”

ఆ చేతినే పెద్దది చేసి మైనంలో దిద్దింది, చిటికెనవేలితో సహా. తిన్నగా దిద్దొచ్చు. ఏడ్చి ఏడ్చి వాచిన పిల్ల మొహం ఎదురుగా ఉంటే చేతులు రాలేదు.

పదకొండేళ్ళు ఆ మాట కడుపులోనే ఉంచుకుంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒకరోజు భోజనాల దగ్గర బయటపెట్టింది. దానికి కారణం కూతురే. మందుల దుకాణంలో పనికి చేరిన వారానికే అక్కడెవరో ‘కొక్కెం’ అన్నారట. అప్పట్నుంచి ఆ పిల్ల కుడిచెయ్యి జేబులోంచి తియ్యడం లేదు.

“సిగ్గెందుకే? నీ చెయ్యి ఈ ఊళ్ళో కంచులో ఉంది. నేనే చేశాను,” అంటూ జరిగిందంతా చెప్పింది మైనమ్మ.

మేస్త్రి నోటిదాకా వెళ్ళిన ముద్ద ఆగింది.

“అబద్ధం,” అన్నాడు.

“నేను చేశానంటే మీరు అబద్ధమంటారేం?”

“మైనం గీక్కునేదానివి, శిల్పివెప్పుడయ్యావే? ఆ బొమ్మ రాకింది నేను. అందులో వంకర వేలూ లేదు, గింకర వేలూ లేదు.”

మేస్త్రి అక్క పక్కవాటాలో ఉంటుంది. స్కూలు క్యాంటీన్లో గరిటె తిప్పే మనిషి. పూట తప్పకుండా తమ్ముడింటికి వచ్చి, అడక్కపోయినా తీర్పులు చెప్పి పోతుంది. “ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట,” అని ఆ పూట తీర్పు చెప్పింది.

కూతురు ఎడమచేత్తో కంచం తీసుకుని లేచింది. మైనమ్మకి ఆ ఇద్దరి మాటల కన్నా ఈ పిల్ల మాట్లాడకపోవడమే గుచ్చుకుంది. మర్నాడే వెళ్ళి ఆ కాగితం సంపాదించింది.

మేస్త్రి రానంటూనే ప్రతి ఆదివారం వచ్చేవాడు. వచ్చి, అటు బస్సు లేదనేవాడు, ఆ పార్కు మూసేశారనేవాడు. అక్క వేడుక చూడ్డానికి వచ్చేది. ఒకసారి బ్యాంకు ముందు ఇనుప వలయాల కుప్ప చూశారు.

“ఇదీ నువ్వే చేశావా మరదలా?”

“ఇది ఇనుము వదినా. దీనికి మైనం పని ఉండదు.”

“ఓహో, బతికాం. లేకపోతే ఇందులో నా మోకాలుందనేదానివి.”

“మీ మోకాలు పెడితే ఆ బరువుకి బ్యాంకు కుంగేది.”

కూతురు అటు తిరిగి నవ్వింది. ఆ ఆదివారం మొత్తానికి జరిగిన మంచి అదొక్కటే. తిరుగు బస్సులో నలుగురూ నాలుగు సీట్లలో కూర్చున్నారు.

ఆ తర్వాత రెండు వారాలకి, నీటి సరఫరా ఆఫీసు ముందున్న రాతిచేపను చూడ్డానికి వెళ్ళారు. “చేపేగా. గేటు బయటినుంచి కనిపిస్తోంది, ఇక పదండి,” అన్నాడు మేస్త్రి. అప్పటికే సీసాలు ఖాళీ. కూతురు కుళాయి కోసం ఆఫీసు వెనక్కి వెళ్ళింది.

“అమ్మా! ఇటు రా!”

వెనక పెరట్లో తుప్పుపట్టిన గొట్టాల గుట్టల మధ్య, మోకాటిలోతు గడ్డిలో ఆమె కూర్చుని ఉంది. కంచుబల్ల మీద, మొహం పైకెత్తి, కుడిచెయ్యి ముందుకి చాపి. ఆ అరచేతి మీద ఎవరో కాపలా మనిషి చొక్కా ఉతికి ఆరేశాడు.

మైనమ్మ ఆ తడిచొక్కా లాగి పక్కనున్న మొగుడి చేతిలో కుక్కింది. చెయ్యి బయటపడింది.

చిటికెనవేలు తిన్నగా ఉంది.

“హమ్మయ్య, చూశాం,” అంది ఆడపడుచు గడ్డిలోంచి కాలు పీక్కుంటూ. “వెదురుబద్దలా ఉంది వేలు. దీనికోసం ఏడాదిన్నర మా చెప్పులరగదీశావు. ఇప్పటికైనా నీ గాలికబుర్లు ఆపుతావా?”

కూతురు చెయ్యి మళ్ళీ జేబులోకి పోయింది. మైనమ్మ అది చూసింది. ఆడపడుచు మాట వినపడనే లేదు.

కళ్ళని నమ్మలేక ఆమె బొటనవేలితో తడిమింది. మైనం గదిలో అదే అలవాటు, కంటికి కనపడని బుడగ కూడా వేలికి దొరుకుతుంది. దొరికింది. చిటికెనవేలి మధ్య కణుపు గోళీకాయలా ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు పైన వేలి చుట్టూ దారం కట్టినట్టు సన్నటి గీత. గీతలో లోహం రంగు ఓ పిసరు పసుపు. కోసి, తిన్నగా నిలబెట్టి, అతికిన చోటు. దాని మీద వెంట్రుకల్లాంటి గీతలు, ఎడమనుంచి కిందికి ఏటవాలుగా. పొద్దున ఆ గీతలున్న కత్తితోనే కూరలు తరిగింది.

ఆమె వెనక్కి తిరిగింది.

“మీ పనే.”

మేస్త్రి నీళ్ళు నమిలాడు. “పోతలో లోపమనుకున్నా. కంచు పోసేటప్పుడు వంగిందనుకున్నా. ఏ మేస్త్రయినా అదే చేస్తాడు.”

“సరే, అప్పుడు తెలీదు. నేను చెప్పిన రోజున తెలిసిందిగా? ముద్ద గొంతులో పడకుండానే అబద్ధమన్నారుగా?”

“ఇప్పుడదంతా ఎందుకు?”

“ఏడాదిన్నర! కన్నకూతురు నన్ను అబద్ధాలకోరు అనుకుంటుంటే పక్కన నడిచొచ్చారు. బస్సుల్లేవన్నారు. పార్కులు మూశారన్నారు.”

“నెమ్మదిగా మాట్లాడవే, ఎవరైనా వింటారు.”

“విననీ. నీ నోటితో నువ్వే చెప్పు, మీ అక్కకి.”

“మొగుణ్ణి పట్టుకుని ‘నువ్వు’ అంటావా?” ఆడపడుచు నోరు తెరిచింది.

“మీరాగండి వదినా.”

ఆవిడ ఆగింది. అది ఆవిడకే వింతగా ఉన్నట్టుంది, తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు నేల చూస్తున్నాడు.

“అవునక్కా, వేలు వంకరగానే వచ్చింది. నేనే కోశాను,” అన్నాడు. తర్వాత గొంతు పెంచాడు. “అయితే ఏంటి? వంకర పని బయటికి పంపితే నా పరువేం కావాలి?”

అప్పుడు కూతురు జేబులోంచి చెయ్యి తీసింది. గడ్డి తొక్కుకుంటూ వచ్చి ఆ కంచు చేతి పక్కన తన చెయ్యి పెట్టింది. ఉబ్బిన కణుపు పక్కన ఉబ్బిన కణుపు. పైన ఒక వేలు వంకర, ఒక వేలు తిన్నన.

“నేను కూడా రోజూ బయటికి వెళ్తున్నాను కదా నాన్నా,” అంది. “మరి నన్నేం చేస్తావు?”

 “నా ఉద్దేశం అది కాదే,” అన్నాడు మేస్త్రి. ఎవరూ ఏదని అడగలేదు.

మైనమ్మ కాగితం తీసి, గొట్టం మీద పరిచి, ఇరవై మూడో నంబరు కొట్టేసింది. చిరునామా కూడా కొట్టేసి పక్కన సరైనది రాసింది. తర్వాత మిగిలినవి లెక్కపెట్టింది.

“ఇంకా పదకొండున్నాయి. అందులో ఆరు కంచువి, నువ్వు రాకినవే. వచ్చే ఆదివారం కూడా వస్తావు. ఇంకా ఏమేం తిన్నగా చేశావో ఒక్కొక్కటీ చూపిస్తావు.”

“నేను రాను.”

“వస్తావు. ఇన్నాళ్ళూ నన్ను తప్పుదారి పట్టించడానికి వచ్చావుగా.”

కాగితం మడిచి కూతురికిచ్చింది. పిల్ల కుడిచేత్తో అందుకుంది. ఇద్దరూ గేటు వైపు నడిచారు. ఆడపడుచు కాసేపు ఎటు వెళ్ళాలో తేలక నిలబడి, చివరికి బస్సు పోతుందంటూ వాళ్ళ వెనకే గబగబా అడుగులేసింది.

మేస్త్రి ఎవరిదో తడిచొక్కా పట్టుకుని గొట్టాల మధ్య నిలబడ్డాడు. భార్య వెనక్కి తిరిగి ఒక్కసారి చూస్తే బయల్దేరదామని. ఆమె చూడలేదు.