ఖాళీగా వచ్చిన మోకు

గుంటూరు దగ్గర ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పదహారేళ్లుగా ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాను. ఎవరైనా దయ్యం అంటే ముందు ఎర్తింగు చూసుకోమంటాను. ఒకసారి మా నాలుగో చాంబర్లో ఎవరో దగ్గుతున్నారని హమాలీలు లోపలికి వెళ్లడం మానేశారు. టార్చి పట్టుకుని నేనే వెళ్లాను. ఫ్యాను బేరింగు అరిగి చప్పుడు చేస్తోంది. మార్చాను, దగ్గు పోయింది. నాకు తెలిసిన దయ్యాలన్నీ ఇలా స్పానరుతో పోయినవే.

అందుకే ఇది రాయడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది.

నా భార్య జ్యోతి తమ్ముడు సుధాకర్ మంగళగిరిలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తాడు. కిందటేడు మేమిద్దరం విశాఖపట్నం వెళ్లి స్కూబా డైవింగ్ నేర్చుకుని సర్టిఫికెట్లు తెచ్చుకున్నాం. అప్పట్నుంచి వాడికి బాలి వెళ్లి డైవింగ్ చేయాలన్న పిచ్చి పట్టింది. పడవ వద్దు, గైడు వద్దు. సిలిండర్లు అద్దెకు తీసుకుని, ఒడ్డు నుంచి నడుచుకుంటూ సముద్రంలోకి దిగి, మళ్లీ నడుచుకుంటూ ఒడ్డెక్కాలి. షోర్ డైవింగ్ అంటారు దాన్ని.

గైడు లేడంటే అన్నీ మనమే చూసుకోవాలి. ఎక్కడ దిగాలి, ఎక్కడ తేలాలి, ప్రవాహం ఎటు ఉంటుంది, సిలిండర్లో ఎంత గాలి ఉండగా వెనక్కి తిరగాలి. అన్నిటికంటే ముఖ్యం, నీళ్లలో ఇద్దరూ ఒకరిని ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. మా వాడికి తొందర ఎక్కువ, నాకు చాదస్తం ఎక్కువ. ఒక నోటుబుక్కు కొని, ఆటుపోట్ల వేళలు, సామాను బరువు, దగ్గర్లో ఉన్న ఆసుపత్రి, అన్నీ నేనే రాశాను. జ్యోతి అది చూసి, మన పెళ్లికి కూడా ఇంత ఏర్పాటు చేసుకోలేదు కదా అని నవ్వింది.

మా అత్తయ్య మాత్రం నవ్వలేదు. "ఉన్న మగపిల్లాడు వాడొక్కడే బాబూ. గైడు లేడంటున్నారు, మరి వాణ్ణి ఎవరు చూస్తారు?" అంది. "నేనున్నాను కదా అత్తయ్యా" అన్నాను. ఆ ధైర్యం మీదే ఆవిడ ఒప్పుకుంది.

అత్తయ్య వాళ్ల ఊరు అద్దంకి వైపు. వాళ్ల మిరపతోటలో రాతి మెట్లున్న పెద్ద బావి ఉంది. అందులో ఇరవై అడుగుల నీళ్లుంటాయి. సిలిండర్లు లేకపోయినా మాస్కు, కాళ్లకు ఫిన్స్ వేసుకుని ఊపిరి బిగపట్టి దిగడం సాధన చేద్దామని ఒక ఆదివారం వెళ్లాం. అత్తయ్య కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరిస్తోంది. సుధాకర్ ఇంట్లో అటక మీద వెతికి పాత నైలాన్ మోకు ఒకటి దించాడు. దిగేవాడి నడుముకు అది కట్టాలి, రెండోవాడు పైన పట్టుకోవాలి. అదీ నా ప్లానే.

ఆ బావిలో మోటారు ఉంది. పొలాల్లో అందరూ పెట్టినట్టే దానికి ఆటో స్టార్టర్ పెట్టారు. కరెంటు రాగానే దానంతట అదే ఆడుతుంది. ఫ్యూజు పీకనా అని అడిగాను. "మన ఫీడర్‌కి కరెంటు పొద్దున్నే ఇస్తార్లే బావా, మధ్యాహ్నం రాదు" అన్నాడు. నేనూ సరే అన్నాను. ఎలక్ట్రీషియన్ని అయ్యుండి సరే అన్నాను. ఇప్పటికీ ఈ మాట తలుచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

మూడున్నర అయ్యుంటుంది. వాడు నాలుగోసారి దిగాడు. ఒక్కోసారి నిమిషం దాకా ఉంటున్నాడు. మూడుసార్లు బాగానే జరిగింది కదా, నేను నీళ్ల పక్క మెట్టు మీద కూర్చుని, ఎడమచేత్తో మోకు పట్టుకుని, కుడిచేత్తో ఫోనులో విమానంలో ఎన్ని కిలోలు తీసుకెళ్లనిస్తారో చూస్తున్నాను.

మోకు ఒకసారి లాగింది.

రాయికి తగులుకుందేమోలే అనుకున్నాను. తల ఎత్తలేదు.

కొద్దిగా ఆగి, రెండుసార్లు లాగింది. ఈసారి మెల్లగా కాదు. నా చెయ్యి ముందుకు పోయింది, ఫోను మెట్ల మీద పడింది. రెండు చేతులతో మోకు పట్టుకుని నా బలమంతా పెట్టి లాగాను.

మోకు తేలిగ్గా వచ్చేసింది. చివర వేసిన ఉచ్చు అలాగే ఉంది. అందులో మనిషి లేడు.

ఏదన్నా జరిగితే రాయితో మెట్టు మీద కొడతానని ముందే అనుకున్నాం. నీళ్లలో చప్పుడు బాగా వినపడుతుంది. చేతికందిన రాయి తీసుకుని, నీళ్లలో ఉన్న మెట్టు మీద పిచ్చెత్తినవాడిలా బాదాను. సుధాకర్ తేలాడు. రెక్క పట్టి పైమెట్టు మీదకు ఈడ్చాను.

"ఏంది బావా నీ గోల! ఇంకా అరనిమిషం ఉండేవాణ్ణి" అని నా మీద ఎగిరాడు.

"మోకెందుకు లాగావురా?"

"నేనెక్కడ లాగాను? ఫిన్స్‌కి చుట్టుకుంటుందని దిగంగానే ఊడదీసి నీళ్లలో మెట్టు మీద పడేశాను. నువ్వు తిడతావని చెప్పలేదు."

నేను నోరు తెరిచేలోపే గట్టు మీది మోటారు షెడ్డులో స్టార్టరు టక్కుమంది. మోటారు ఆడింది. మేమిద్దరం పొడిమెట్టు మీద నిలబడి చూస్తుండగానే బావిలో చేపపిల్లలు పొట్టలు తెల్లగా పైకి తేలాయి. ఒకటి, రెండు కాదు. నీళ్ల మీద చెల్లాచెదురుగా, ఎన్నో.

పరుగెత్తి ఫ్యూజు పీకాను. తర్వాత వైరు పైకి లాగి చూస్తే నీళ్లలో ఉన్న అతుకు దగ్గర టేపు ఊడి రాగి కనపడుతోంది. పొద్దున కరెంటు పోయిందని దానికి బదులు మధ్యాహ్నం ఇచ్చారట. ఇక్కడిదాకా అన్నిటికీ లెక్క ఉంది. సుధాకర్ ఇంకో అరనిమిషం లోపలే ఉంటే ఏమయ్యేదో కూడా నాకు తెలుసు.

లెక్క లేనిది మోకు ఒక్కటే. చేప లాగిందనుకుందామంటే ఆ బావిలో వేలెడు కంటే పెద్ద చేప లేదు. పైపు అదిరి లాగిందంటే, అప్పటికి మోటారు ఆడలేదు. తర్వాత వారం ఒక్కణ్ణే వెళ్లి, ఫ్యూజు పీకి, అదే మెట్టు మీద మోకు పడేసి గంటసేపు పట్టుకుని కూర్చున్నాను. కదల్లేదు.

బావి దగ్గర అది జరిగిన రోజు, ఇంటికి రాగానే సుధాకర్ స్నానానికి వెళ్లాడు. అరుగు మీద తడి మోకు చూసి అత్తయ్య ఆగిపోయింది. "ఇదెవరు దించారు?" అంది. బావి దగ్గర జరిగింది చెప్పాను. ఆవిడ కేకలేయలేదు. ఒక్కటే అడిగింది. "ఎట్టా లాగింది బాబూ?"

మోకు చివర పట్టుకుని చూపించాను. ఒకసారి. ఆగి, రెండుసార్లు.

అత్తయ్య మోకు పక్కనే అరుగు మీద కూర్చుంది. అప్పుడు చెప్పింది. "మీ మావయ్య వయసులో ఉన్నప్పుడు కోటయ్య అని ఒకాయన ఉండేవాడు. పైపు అడుగున ఫుట్‌వాల్వు పట్టేస్తే బావిలోకి ఆయన దిగేవాడు, మీ మావయ్య పైన మోకు పట్టుకునేవాడు. పక్కూళ్లో దిగినప్పుడు పైపు కింద కాలు ఇరుక్కుంది. ఒకసారి లాగాడంట. మీ మావయ్య ఎవరితోనో మాటల్లో ఉండి, రాయికి తగులుకుందేమోలే అనుకున్నాడంట. ఆగి, రెండుసార్లు లాగాడు. అప్పుడు లాగాడు ఈయన. అప్పటికే అయిపోయింది. ఈ మోకే అది. వాడలేదు, పారేయలేదు. మీ మావయ్య పోయేముందు నా ఒక్కదానికే చెప్పుకుని ఏడ్చాడు. పిల్లలకి కూడా తెలీదు."

మోకు ఎలా లాగిందో ఆవిడకు చెప్పాను గాని, నేను మనసులో ఏమనుకున్నానో చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అవే మాటలు.

"మీరు మొదటిసారే చూసుకున్నారు గదా బాబూ?" అంది.

"చూసుకున్నాను అత్తయ్యా" అన్నాను.

దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. ఆ మోకు ఎవరు లాగారో మాత్రం చెప్పలేను. ఎన్నిసార్లు ఆలోచించినా నా స్పానరుకి అందలేదు.

వచ్చే వారమే ప్రయాణం. గైడును పెట్టుకుందామని సుధాకర్‌తో రెండుసార్లు అన్నాను. "నువ్వుండగా గైడెందుకు బావా? నేను పిలవకపోయినా లాగినోడివి" అని నవ్వాడు. నోటుబుక్కులో నీళ్లలో తోడు అన్న చోట నా పేరు రాసి, కింద రెండు గీతలు కూడా గీశాడు.

ఆ మొదటి లాగుడు సంగతి వాడికి ఇంకా చెప్పలేదు. విమానం ఎక్కేలోపు చెప్పాలి.