సమ్మవ్వ చెల్క

బొగ్గుబావి కార్మికుడు మొగిలి చనిపోయినప్పుడు కులపెద్దలు పంచాయితీ సులువుగానే తెంపారు. అతని ఉద్యోగం తమ్ముడు జైపాల్‌కు, రెండెకరాల మెట్ట చేను, ఆ చెల్క, భార్య సమ్మవ్వకు. గోదావరిఖని చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి పంపకాలు కొత్తేమీ కాదు. పట్టా మాత్రం కాలం చేసిన మామ పేరునే ఉండిపోయింది. మాట ఉండగా కాగితమెందుకన్నారు. మగవాళ్ల మాట ఎన్నాళ్లుంటుందో ఆడవాళ్లకు తెలియక కాదు, అడగలేరు అంతే.

అప్పటికి ఆ చెల్కంతా మొరం, పైన బొగ్గు దుమ్ము. సమ్మవ్వ తట్టలతో చెరువు మట్టి మోసింది. పేడ ఎరువు, వేప కషాయం తప్ప మందు చుక్క పడనివ్వలేదు. పచ్చజొన్నలో కంది, మధ్యమధ్య బొబ్బర్లు కలిపి వేసింది. ఊరంతా పత్తి పెట్టి పురుగుమందుల దుకాణదారుణ్ణి బాగుచేస్తూ ఆమెను చూసి నవ్వింది. నవ్విన నాపచేనే పండింది. వానలు మొహం చాటేసిన ఏడు ఆ నవ్విన వాళ్లే విత్తనాల కోసం ఆమె గడప తొక్కారు.

మహిళా రైతుల సంఘం నడిపే జమున పోరుతూనే ఉండేది. "అక్కా, పట్టా నీ పేర చేయించుకో. కష్టం నీది, కాయితం ఇంకోల్లదా?"

"జైపాల్ నా చేతుల పెరిగిండు. వాన్ని కాయితం అడుగుడేంది, నలుగురు నవ్వరా?"

ఇంతలో నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గని ఊరి మీదికి వచ్చింది. చేను ఎవరిదైతే వాళ్లకు వేరేచోట భూమి ఇస్తామన్నారు. సర్వే సారు గట్టు మీద నిలబడి, "ఈ భూమి ఎవరిది?" అని అడిగాడు.

షిఫ్టు దిగివచ్చిన జైపాల్ పక్కనే ఉన్నాడు. ఇంటి మగవాడు ఎదురుగా ఉండగా 'నాది' అనడం ఆ ఇళ్లలో ఏ ఆడదీ ఎరగదు. సమ్మవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కుని, "మా జైపాల్‌ది సారూ" అంది. మర్యాదకు అన్న మాట అది. 'కాదు, మా వదినెది' అని వాడంటాడని చూసింది. జైపాల్ నోరు మెదపలేదు. సారు రాసుకుని పోయాడు.

జమున ఆమెను వెంటబెట్టుకుని తిరగని ఆఫీసు లేదు. నువ్వే చెప్పావు కదమ్మా అన్నారు అందరూ. జైపాల్‌దీ అదే పాట. "నువ్వే చెప్పినవ్ గద వదినె. నీకు బుక్కెడు బువ్వకు తక్కువ చేస్తనా?"

ఎంత దయ! ఊరికి విత్తనాలు పంచిన చెయ్యి ఇక వాడి ముందు చాచాలి. చెల్కకు బదులు వచ్చిన భూమిని వాడు పత్తికి కౌలుకిచ్చాడు.

మొన్న మృగశిర వాన పడగానే ఆమె కాళ్లు ఆగలేదు. గని అంచున తాడు కట్టిన చోట గార్డు అడ్డం వచ్చాడు.

"అవ్వా, జల్ది ఎన్కకు పో. బ్లాస్టింగ్ ఉన్నది."

"నా చెల్క చూసి పోత కొడుకా. అది నాదే" అంది సమ్మవ్వ, గొంతెత్తి.

గార్డు ఆమెను చూశాడు, వెనక్కి తిరిగి గొయ్యిలోకి చూశాడు.

"ఏ చెల్క అవ్వా?" అన్నాడు.