ఇన్నమ్మ ఇవ్వని తలనీలాలు

సారపాక ఇన్నమ్మ జడ ఊడి గోదావరికి అడ్డం పడితే భద్రాచలం రేవులో లాంచీ ఒక పూటంతా కదల్లేదు. సరే, లాంచీ ఆగలేదు. ఆ రోజు రేవులో లాంచీ ఉందో లేదో కూడా గట్టిగా చెప్పలేం. కానీ ఆమె స్నానాల గది తూము మూసుకుపోయిన మాట, మొగుడు ప్రభు ఇనుప చువ్వతో పొడిచి పొడిచి పిల్లికూనంత జుట్టు ముద్దను బయటికి లాగిన మాట మాత్రం ఒట్టేసి చెప్పొచ్చు.

అది రెండువేల ఏడు వేసవి. ప్రభు కాగితం మిల్లు దగ్గర జామాయిల్ కర్ర లారీలు దింపే కాంట్రాక్టు కూలీ. ఇన్నమ్మ ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుట్టేది. మొదట చెవి వెనక రూపాయి బిళ్లంత మేర నున్నగా అయింది. వానలు పడేసరికి తలంతా అరచేయిలా మిగిలింది.

ఖమ్మంలో చర్మం డాక్టరు ఆమె తల తడిమి చూశాడు.

"అంటుకునేది కాదమ్మా. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి జుట్టు మొదళ్ల మీద పడ్డది."

"మళ్ల వస్తదా సారూ?"

"రావచ్చు. రాకపోవచ్చు. వచ్చి మళ్లీ పోనూవచ్చు."

తలలో సూదులు పొడిపించుకుని బస్సెక్కిన ఇన్నమ్మ, కిటికీ పక్కన ఖాళీ ఉన్నా అక్కడ కూర్చోలేదు. గాలికి భయపడింది. సారపాక దాకా కొంగు అంచును పళ్లతో పట్టుకునే ఉంది.

అదే గాలి కొళాయి దగ్గర పట్టుకుంది. బిందె ఎత్తుకోబోతుంటే కొంగు జారింది. పక్కింటి భీమక్క చూసి సంబరపడింది.

"ఓ ఇన్నమ్మా! ఎప్పుడిచ్చినవే తలనీలాలు? మా రామయ్యకేనా? ఒక్క మాట చెప్పకపోతివి, నేను గూడ వస్తుంటి గదనే!"

వరసలో వెనక నిలబడ్డవాళ్లు ఇన్నమ్మ వెళ్లే చర్చి ఆడవాళ్లు. ఒక్కరూ నవ్వలేదు. ఇన్నమ్మ తమ్ముడు జయరాజ్ భార్య మహిమ అప్పుడు నిండు చూలాలు. పుట్టబోయే బిడ్డకు ఇన్నమ్మే జ్ఞానతల్లి అని, జ్ఞానస్నానం నాడు బిడ్డను ఆమే ఎత్తుకోవాలని ఇంట్లో ఎప్పుడో అనుకున్నారు. పిల్లల్లేని ఇన్నమ్మ ఆ రోజు కోసమే బతుకుతున్నట్టుండేది. ఇప్పుడు ఒకటే గుసగుస: "గుళ్లె గుండు చేయించుకున్నామె బిడ్డకు జ్ఞానతల్లి ఎట్ల అయితది?"

ప్రభు హడలిపోయి చర్చి వాకిట్లోనే అనేశాడు: "గుళ్లె గాదు. వేళాంగణి మాతకు తలనీలాల మొక్కు తీర్చినం."

దాంతో గుసగుసలు ఆగాయి. ఆ ఆదివారం ఒక ముసలమ్మ వచ్చి ఇన్నమ్మ తలకు చెయ్యి తాకించి కళ్లకద్దుకుంది. ఇన్నమ్మ ఇంటికొచ్చి మొగుణ్ణి నిలదీసింది.

"ఎందుకన్నవయ్యా గట్ల?"

"ఏమనాలె మరి? రోగమంటే బిడ్డనిస్తరా?"

ప్రభు మరిచిపోయింది ఒక్కటే. మొక్కుకిచ్చిన జుట్టు మళ్లీ మొలవాలి. క్రిస్మస్ ముందు తెల్లటి నూగు వచ్చింది. ఇద్దరూ దీపం దగ్గర పెట్టుకుని చూసి ఏడ్చారు. తర్వాత ఆ నూగూ పోయింది, కనుబొమ్మలనూ తీసుకుపోయింది. కాటుకతో గీసుకుంటే మిషన్ ముందు చెమటకు అవి చెంపల దాకా కారేవి. "అందరికీ మొలుస్తది, ఈమెకే మొలుస్తలేదేంది? మొక్కు మాత తీసుకోలేదేమో," అన్నారు చర్చిలో.

ఈస్టరు వెళ్లిన ఆదివారం మహిమ కన్న ఆడపిల్లకు జ్ఞానస్నానం. ఇన్నమ్మ తానే కుట్టిన తెల్లగౌను తెచ్చింది. మహిమ గౌను తీసుకుంది కానీ బిడ్డను ఇవ్వలేదు.

"వదినా, ఏమనుకోకు. మా పెద్దమ్మ ఎత్తుకుంటది. నువ్వు ఎనక కూసో."

"ఎందుకే?"

"నీ మొక్కు మాత తోసేసిందంటున్నరు. నా పిల్ల మీదికి ఏమన్న వస్తదేమోనని భయమైతాంది."

ఇన్నమ్మ ఇక దాచలేకపోయింది. "మొక్కు గాదే మహిమా. నేను ఎవరికీ ఏం ఇయ్యలే. అది రోగం. అంటదని భయం లేదు, డాక్టరే చెప్పిండు."

"రోగమా?" మహిమ ఒక్క అడుగు వెనక్కి వేసి, బిడ్డ తలను తన మెడకింద దాచుకుంది.

జయరాజ్ ప్రభు వైపు తిరిగాడు. "అక్కకు రోగమైతే మాకు చెప్పొద్దా బావా? ఇన్నాళ్లు పిల్లను ముద్దులు పెట్టుకుంటుంటే ఊకున్నవా?"



ఫాదరుగారు నీళ్లు పోసి బిడ్డకు ఆరాధన అని పేరు పెట్టారు. నల్లటి ఒత్తు జుట్టు, నీళ్లు దాని మీద నిలిచి నిలిచి జారాయి. ఇన్నమ్మ చివరి బెంచీలో కూర్చుని చూసింది. అందరూ పాట ఎత్తుకున్నారు. కొంగు పళ్ల మధ్య ఉంది, నోరు తెరిస్తే జారిపోతుంది. ఆమె పాడలేదు.

ఈ కథంతా రాసి నేనే చదివి వినిపిస్తే ఇన్నమ్మ మిషన్ ఆపకుండానే విన్నది. దారం తెంపి, జారిన కొంగును తల మీదికి లాక్కుని అన్నది:

"అంతా ఉత్తదే. ఒక్క ముక్క నిజం లేదు. నాకు ఏ రోగం రాలే. ఆరాధనను నేనే ఎత్తుకున్న."